నాలుగు సైన్సులూ ఒకే డిగ్రీలో చదవాలంటే: బీఎస్-ఎంఎస్ దారి మొదటి నుంచి చివరిదాకా

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారంలోపే ఎంపీసీనా బైపీసీనా తేలిపోవాలి మన దగ్గర. పదిహేనేళ్ల పిల్లని కూర్చోబెట్టి లెక్కలు కావాలా జీవాలు కావాలా అని అడుగుతాం, ఏదో ఒకటి చెప్పగానే ఇక రెండోది తన జీవితంలోంచి పోయినట్టే. రెండూ ఇష్టం అనే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్లకి మాత్రం ఎవరూ సరిగ్గా సమాధానం చెప్పరు. ఇది వాళ్ల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం కూడా. ఇంటర్ తర్వాత ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్ నాలుగూ కలిపి చెప్పే డిగ్రీలోకి (బీఎస్-ఎంఎస్, అంటే డిగ్రీ, మాస్టర్స్ కలిపి ఐదేళ్లు) ఎలా వెళ్లాలి, వెళ్లాక ఎలా నెట్టుకురావాలి, చివరికి ఏ సబ్జెక్ట్ పేరు మీద బయటికి రావాలి అన్నది వరసగా చెప్తాను. ఐసర్ల గురించే, అంటే సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థల గురించే ఎక్కువ ఉంటుంది, అదే నాకు బాగా తెలిసిన దారి, పైగా ఒకటి మన తిరుపతి దగ్గర ఏర్పేడులోనే ఉంది.

ముందే చెప్పేస్తున్నా, ఈ డిగ్రీలో మీరు నిలబడేదీ పడిపోయేదీ ఇంటర్‌లో వదిలేసిన సబ్జెక్ట్ దగ్గరే. ఎంపీసీ వాళ్లకి బయాలజీ, బైపీసీ వాళ్లకి మ్యాథ్స్. మీకు బాగా వచ్చిన సబ్జెక్ట్ ఎలాగూ వస్తుంది. కింద చెప్పే స్టెప్స్ అన్నిట్లోనూ తిప్పి తిప్పి ఈ విషయం దగ్గరికే వస్తాను, విసుక్కోకండి.

1. ఇది మీకు పడుతుందా లేదా

22 ఏళ్లకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేతిలో ఉండాలి అనుకుంటే ఇది మీ దారి కాదు, బీటెక్ చేయండి, అందులో తప్పేం లేదు. డాక్టర్ అవ్వాలని గట్టిగా ఉన్నవాళ్లు నీట్ పోయింది కాబట్టి ఇక్కడికి వస్తే మొదటి సెమిస్టర్‌లోనే బాధపడతారు, ఎందుకంటే ఇక్కడ బయాలజీ అంటే వైద్యం కాదు, లినియర్ ఆల్జీబ్రా కూడా తప్పదు. ఎవరికి పడుతుందంటే ఒక ప్రశ్న పట్టుకుంటే సబ్జెక్ట్ గోడ దగ్గర ఆగని వాళ్లకి. ఆకు ఎందుకు ఆకుపచ్చగా ఉంది అని మొదలుపెట్టి క్లోరోఫిల్ దగ్గర ఆగకుండా అది ఏ రంగు వెలుతురు తీసుకుంటుంది, ఎందుకు తీసుకుంటుంది, ఎలక్ట్రాన్ ఏం చేస్తుంది దాకా వెళ్లేవాళ్లు.

ఇంట్లో ఒప్పించేటప్పుడు "సైంటిస్ట్ అవుతా" అంటే ఎవరూ వినరు. లెక్క చెప్పండి. ఐదేళ్లు చదివితే మాస్టర్స్ చేతికొస్తుంది, ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరితే సొంత డబ్బు పెట్టక్కర్లేదు, నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000 ఇస్తున్నారు, దానికి హెచ్ఆర్ఏ అదనం. బీటెక్ ప్యాకేజీలతో పోలిస్తే తక్కువే, అది దాచొద్దు.

2. ఎక్కడ చదవాలి

ఐసర్లు ఏడు. పుణె, కోల్‌కతా 2006లో మొదలయ్యాయి, తర్వాత మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, 2015లో తిరుపతి, 2016లో బరంపురం. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. మొదట్లో, ఇన్‌స్టిట్యూట్‌ని బట్టి ఒక ఏడాది నుంచి రెండేళ్ల దాకా, అందరూ అన్ని సైన్సులూ చదవాలి, తర్వాత మేజర్ (ప్రధాన సబ్జెక్ట్), ఐదో ఏడాది అంతా థీసిస్. బెంగళూరు ఐఐఎస్‌సీలో నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్ ఉంది, 2011లో పెట్టారు, మొదటి మూడు సెమిస్టర్లు కామన్. భువనేశ్వర్ నైసర్, ముంబై సీఈబీఎస్‌లకి నెస్ట్ అని వేరే ఎంట్రన్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా సీయూఈటీ అనే ఎంట్రన్స్ ద్వారా ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, కాకపోతే అక్కడ సీటు మొదటి నుంచే ఒక సబ్జెక్ట్ పేరు మీద వస్తుంది, సిస్టమ్స్ బయాలజీ లాంటివి మాత్రం పేరులోనే కలిపి చదవడం ఉంది.

ఇవేవీ రాకపోతే దారి మూసుకుపోలేదు. తెలంగాణలో దోస్త్ (ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా డిగ్రీలో చేరేవాళ్లు సబ్జెక్ట్ కాంబినేషన్లు శ్రద్ధగా చూసుకోండి. ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది కాబట్టి మైనర్ (పక్కన చదివే రెండో సబ్జెక్ట్) ఏం తీసుకుంటున్నారో అదే అసలు నిర్ణయం, కెమిస్ట్రీ మేజర్‌కి మ్యాథ్స్‌ గానీ కంప్యూటర్స్ గానీ మైనర్ పెట్టుకుంటే తర్వాత చాలా తలుపులు తెరుచుకుంటాయి. కాలేజీలో చెప్పని సబ్జెక్ట్ ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సుల్లో చదివి ఎగ్జామ్ రాయొచ్చు, వీడియోలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

నా అభిప్రాయం అడిగితే, పాత ఐసరా కొత్త ఐసరా అని ర్యాంకు పట్టుకుని వారాలు కొట్టుకోవద్దు. వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ పేజీ తెరిచి మీకు ఇష్టమైన రెండు సబ్జెక్టుల మధ్యలో పనిచేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, ముగ్గురు నలుగురు కనబడితే చాలు.

3. ఐఏటీ రాయడం

ఐసర్ ఎంట్రన్స్ ఐఏటీ. మూడు గంటలు, 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టుల్లో ఒక్కోదానికి 15. రైటుకి 4, తప్పుకి మైనస్ 1, మొత్తం 240. ఇంటర్‌లో నాలుగింట్లో కనీసం మూడు సైన్సులు చదివుండాలి, జనరల్‌కి 60 శాతం, ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకి 55 శాతం. అంటే ఎంపీసీ, బైపీసీ ఇద్దరూ రాయొచ్చు. ఆంధ్రలో 2025-26 నుంచి మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉండే ఎంబైపీసీ కూడా పెట్టారు, ఆ పిల్లలకి ఇది సరిగ్గా సరిపోయే పరీక్ష. ఏ ఏడాదికి ఆ ఏడాది బ్రోచర్ చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి. ఇదే స్కోర్‌తో ఐఐఎస్‌సీ బీఎస్‌కి కూడా అప్లై చేసుకోవచ్చు, అక్కడ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కూడా చెల్లుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎంపీసీ పిల్లాడు బయాలజీ వదిలేస్తే 240లో 180కే రాస్తున్నట్టు. కోచింగ్ సెంటర్లో "మూడు సబ్జెక్టులు గట్టిగా చెయ్, నాలుగోది వదిలెయ్" అంటారు, నేనైతే ఒప్పుకోను. మూడింట్లో ఇంకో 20 మార్కులు పెంచుకోవడానికి పడే కష్టం కంటే నాలుగోదాంట్లో సున్నా నుంచి 20 తెచ్చుకోవడం చాలా తేలిక.

గుడ్డిగా పెట్టినా ఏమవుతుందో చూద్దాం. నాలుగు ఆప్షన్లలో ఒకటి రైటు, కాబట్టి సగటున ఒక్కో ప్రశ్నకి నాలుగోవంతు ఛాన్స్‌లో 4 వస్తాయి, ముప్పావు ఛాన్స్‌లో 1 పోతుంది, నికరంగా 0.25. పదిహేనింటికీ కలిపి నాలుగు మార్కులు కూడా రావు, పైగా అదృష్టం బాలేకపోతే మైనస్‌లోకి పోతారు. అదే ఒక్క ఆప్షన్‌ని ఖచ్చితంగా కొట్టేయగలిగితే సగటు 0.67కి వెళ్తుంది, రెండు కొట్టేస్తే 1.5. అంటే నాలుగో సబ్జెక్ట్‌లో మీకు మొత్తం రావక్కర్లేదు, తప్పు ఆప్షన్‌ని గుర్తుపట్టేంత వస్తే చాలు.

ఎంపీసీ వాళ్లు బయాలజీలో ముందు పట్టుకోవాల్సినవి ఎన్‌సీఈఆర్‌టీలో కణం, బయోమాలిక్యూల్స్, కణ విభజన, జెనెటిక్స్, డీఎన్ఏ చాప్టరు, ఎవల్యూషన్, ఎకాలజీ. వీటిలో లాజిక్ ఉంటుంది, మెండల్ లెక్కలు మీకు ప్రాబబిలిటీనే. మొక్కల కుటుంబాలు, జంతువుల వర్గీకరణ చివరికి పెట్టుకోండి, టైమ్ ఉంటేనే. బైపీసీ వాళ్లు ఎంపీసీ ఫ్రెండ్ దగ్గర పుస్తకాలు అడిగి తెచ్చుకోండి: ఫంక్షన్స్, మ్యాట్రిసెస్, లిమిట్స్, డిఫరెన్షియేషన్, పర్మ్యుటేషన్స్, ప్రాబబిలిటీ. ఇంటిగ్రేషన్‌లో బేసిక్ ఫార్ములాలు చాలు, సర్కిల్స్ జోలికి మొదట్లో పోవద్దు.

నెస్ట్‌లో మాత్రం నాలుగు సెక్షన్లలో బాగా వచ్చిన మూడే మెరిట్‌కి తీసుకుంటారు, అందుకే నాలుగోది అస్సలు ఎక్కనివాళ్లకి అది కాస్త మేలు.

4. సీటొచ్చాక చేరేదాకా ఉన్న ఖాళీ

రిజల్ట్ వచ్చాక క్లాసులు మొదలయ్యేదాకా కొన్ని వారాలు దొరుకుతాయి. పిల్లలు పెళ్లిళ్లకీ సినిమాలకీ తిరుగుతారు, తిరగండి, కానీ రోజుకి ఒక గంట నాలుగో సబ్జెక్ట్‌కి ఇవ్వండి. బైపీసీ వాళ్లయితే డిఫరెన్షియేషన్ చేయి తిరిగేదాకా చేయండి, ఎందుకంటే ఫిజిక్స్ క్లాసులో మొదటి వారంలోనే సార్ బోర్డు మీద డెరివేటివ్ రాసేసి ముందుకెళ్లిపోతారు, అది అక్కడ ఎవరూ నేర్పరు.

తెలుగు మీడియం నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట. సబ్జెక్ట్ ఇంగ్లిష్ రెండు మూడు నెలల్లో అలవాటైపోతుంది, టెర్మ్స్ పరిమితమే కదా. కష్టమయ్యేది ప్రశ్న అడగడం. క్లాసులో అడగలేకపోతే ట్యుటోరియల్‌లో టీఏని (టీచింగ్ అసిస్టెంట్‌ని) అడగండి, వాళ్లు పీహెచ్‌డీ స్టూడెంట్లే, వాళ్లలో చాలామందికి ఇదే ఇబ్బంది ఉండేది.

5. మొదటి ఏడాది: నాలుగు రకాల ఆలోచన

ఇక్కడ కష్టం సిలబస్‌లో ఉండదు. ఒక్కో సబ్జెక్ట్‌లో "నిజం" అని ఒప్పుకునే పద్ధతి వేరు, అది ఎవరూ విడమరిచి చెప్పరు, మార్కులు అక్కడే పోతాయి.

మ్యాథ్స్‌లో వంద ఉదాహరణలు చూపించినా రుజువు కాదు. జేఈఈ చేసినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, వాళ్లకి ఆన్సర్ తేవడం వచ్చు, ప్రూఫ్ రాయడం రాదు. అందుకే లిమిట్‌ని రుజువుతో చెప్పే మొదటి ఎప్సిలాన్-డెల్టా క్లాసు దగ్గర ఎంపీసీ బైపీసీ తేడా సగం చెరిగిపోతుంది, బైపీసీ వాళ్లకి ఇది మంచి వార్త. ఫిజిక్స్‌లో ఏది వదిలేయొచ్చో తెలియాలి, గాలి నిరోధం చిన్నది అంటే ఎంత చిన్నది, దేనితో పోలిస్తే చిన్నది అన్నది చెప్పగలగాలి. కెమిస్ట్రీలో మాలిక్యూల్ ఆకారమూ ఎనర్జీనూ, ఏ బంధం తెగడానికి ఎంత కావాలి అన్నది మనసులో ఉండాలి. బయాలజీలో కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి పక్కన చేసే ప్రయోగం. మందు వేసిన ట్యూబులో బాక్టీరియా చచ్చిపోయింది అంటే చాలదు, మందు లేకుండా దాన్ని కలిపిన ద్రావకం మాత్రమే వేసిన ట్యూబులో బతికిందా అని అడుగుతారు. ఎంపీసీ పిల్లలు బయాలజీ అంటే బట్టీ అనుకుని వస్తారు, చదివిందంతా రాసినా మార్కులు రావు, ఎందుకంటే పేపర్లో ఒక ప్రయోగం ఇచ్చి దీన్నుంచి ఏం చెప్పగలవు ఏం చెప్పలేవు అని అడుగుతారు.

టైమ్ టేబుల్ గురించి పెద్ద ప్లాన్లు వేసుకోవద్దు. బలహీనమైన సబ్జెక్ట్ క్లాసు ఏ రోజుంటే ఆ రోజు రాత్రే ఆ నోట్స్ మళ్లీ చేయండి, మిగతావి వారాంతానికి ఆగినా ఫరవాలేదు. మిడ్‌సెమ్‌లు నాలుగూ ఒకే వారంలో పడతాయి, అప్పుడు కొత్తగా నేర్చుకోవడం జరిగే పని కాదు. ల్యాబ్ రికార్డ్ ఆ రోజే రాసేయండి, రీడింగ్ పక్కన ఎర్రర్ ఎంతో కూడా రాయండి, మన ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఆన్సర్ ముందే తెలుసు కాబట్టి రీడింగ్స్ వెనక నుంచి రాసే అలవాటు చాలామందికి ఉంటుంది, అది గేటు బయటే వదిలేసి రండి.

పార్ట్‌నర్ కూడా ముఖ్యం. ఎంపీసీ వాళ్లు బైపీసీ వాళ్లతో కలిసి చదవండి. హాస్టల్‌లో మన తెలుగు బ్యాచ్ ఒకే గదిలో చేరిపోవడం సహజం, కానీ అందరూ ఎంపీసీనే అయితే బయాలజీ పరీక్ష ముందు రోజు అందరూ కలిసే మునుగుతారు.

6. ఒక నోట్‌బుక్ సబ్జెక్టుల మధ్యలో పెట్టండి

నాలుగు సబ్జెక్టులకి నాలుగు నోట్సులు ఎలాగూ ఉంటాయి. ఐదోది ఒకటి పెట్టండి, అందులో ఒకే విషయం రెండు క్లాసుల్లో కనబడ్డప్పుడల్లా ఒక పేజీ రాయండి. నాలుగూ కలిపి చదివిన లాభం నిజంగా చేతికి దొరికేది ఇక్కడే, లేకపోతే మీరు చదివింది నాలుగు సగం డిగ్రీలు.

డిఫ్యూజన్ తీసుకోండి. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నీళ్లలో పుప్పొడి లోంచి వచ్చిన చిన్న రేణువులు ఊరికే అటూ ఇటూ కదలడం మైక్రోస్కోప్‌లో చూశాడు. ఎందుకు కదులుతున్నాయో లెక్క కట్టింది 1905లో ఐన్‌స్టీన్, కంటికి కనబడని నీటి మాలిక్యూల్స్ గుద్దడం వల్ల అని. దాన్ని ప్రయోగంలో కొలిచి అవగాడ్రో సంఖ్య తేల్చింది ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు పెరాఁ, దానికి 1926 ఫిజిక్స్ నోబెల్. అంటే బాటనీలో మొదలైన ప్రశ్న ఫిజిక్స్‌లోకి వెళ్లి కెమిస్ట్రీకి అణువులు ఉన్నాయనే రుజువు ఇచ్చింది. మ్యాథ్స్‌లో ఇదే ర్యాండమ్ వాక్, ప్రతి అడుగూ ఎటు పడుతుందో తెలియని నడక.

ఇప్పుడు లెక్క చేయండి. డిఫ్యూజన్‌లో పట్టే టైమ్ దూరం స్క్వేర్‌తో పెరుగుతుంది, సుమారుగా దూరం స్క్వేర్‌ని డిఫ్యూజన్ కాన్‌స్టెంట్‌కి రెట్టింపుతో భాగించాలి. నీళ్లలో చిన్న మాలిక్యూల్‌కి ఆ కాన్‌స్టెంట్ సెకనుకి ఒక చదరపు మీటర్‌లో వంద కోట్లో వంతు అనుకుందాం. ఒక మైక్రోమీటర్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉన్న బాక్టీరియాలో ఆ మాలిక్యూల్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి అర మిల్లీసెకను. ఒక సెంటీమీటర్ వెళ్లడానికి దాదాపు 14 గంటలు! అందుకే బాక్టీరియాకి గుండె అక్కర్లేదు, మనకి కావాలి. బయాలజీ పుస్తకంలో రక్త ప్రసరణ అని ఒక చాప్టర్‌గా చదివింది ఒక్క లైన్ లెక్కతో ఎందుకో అర్థమైపోతుంది. ఇలాంటి పేజీలు సెమిస్టర్‌కి నాలుగైదు రాసినా గొప్పే.

ఇంకొన్ని హింట్స్ ఇస్తా, మీరే పూర్తి చేసుకోండి. ఉన్నదానికి తగ్గ వేగంతో తగ్గడం అనే ఒకే ఈక్వేషన్ రేడియోధార్మికతలో, ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్‌లో, ఒంట్లోంచి మందు బయటికి పోవడంలో వస్తుంది. గుర్తు మార్చితే బాక్టీరియా పెరగడం, 20 నిమిషాలకోసారి రెట్టింపైతే పది గంటల్లో ఒక్కటి 107 కోట్లు అవుతుంది, నిజంగా అలా ఎందుకు అవ్వదు అన్నది తర్వాతి పేజీ. మ్యాట్రిసెస్‌లో చదివే ఐగెన్ వాల్యూస్ క్వాంటమ్‌లోనూ వస్తాయి, వయసుల వారీగా జనాభా లెక్కలోనూ వస్తాయి. వేటాడేవి-వేటాడబడేవి ఈక్వేషన్లు రాసిన ఇద్దరిలో లోట్కా కెమికల్ రియాక్షన్ల నుంచి వచ్చాడు, వోల్టెరా 1926లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల లెక్కల నుంచి వచ్చాడు.

పైథాన్ కూడా ఈ నోట్‌బుక్‌తోనే నేర్చుకోండి. వేరే కోర్సు కొనక్కర్లేదు, ఆ చేపల ఈక్వేషన్లు ఇరవై లైన్లలో రాసి గ్రాఫ్ గీయగలిగితే సమ్మర్ ప్రాజెక్ట్‌కి సరిపడా కోడింగ్ వచ్చినట్టే.

7. సమ్మర్ ప్రాజెక్టులు

మొదటి సమ్మర్ నుంచే మొదలుపెట్టండి, మీది కాని సబ్జెక్ట్‌లో ఒకటైనా చేయండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ రెండు నెలలు, అప్లికేషన్లు చలికాలంలోనే తీసుకుంటారు, ఏప్రిల్‌లో గుర్తొస్తే లాభం లేదు. మన దగ్గరే బోలెడన్ని ల్యాబులు: హైదరాబాద్‌లో సీసీఎంబీ (బయాలజీ), ఐఐసీటీ (కెమిస్ట్రీ), ఎన్‌జీఆర్ఐ (భూభౌతిక శాస్త్రం), గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్, అక్కడ ఫిజిక్స్ కెమిస్ట్రీ బయాలజీ వాళ్లు ఒకే బిల్డింగ్‌లో ఉంటారు. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధన ల్యాబ్ ఉంది, పెద్ద రాడార్ ఉంటుంది, ఫిజిక్స్‌తో పాటు వాతావరణం ఇష్టమైనవాళ్లకి మంచి చోటు.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలుపెట్టి యాభై మందికి ఒకటే పంపితే తెరవరు. వాళ్ల పేపర్ ఒకటి చదవండి, పూర్తిగా అర్థం కాకపోయినా ఒక ఫిగర్ అర్థం చేసుకోండి, దాని మీద ఒక ప్రశ్న, మీకు వచ్చిన పని ఒకటి, ఏ నెలల్లో రాగలరో, అంతే, పది లైన్లు దాటొద్దు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తు చేయండి.

డబ్బు సంగతి. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000, అందులో 60,000 చేతికి, 20,000 సమ్మర్ ప్రాజెక్ట్ కోసం. బోర్డులో టాప్ ఒక శాతంలో ఉంటే అర్హత. అది నమ్ముకుని మొదటి సెమిస్టర్ ఫీజు ప్లాన్ చేసుకోవద్దు, డబ్బు పడేసరికి టైమ్ పడుతుంది.

8. మేజర్ ఎలా తేల్చుకోవాలి

చాలామంది ఏ సబ్జెక్ట్‌లో గ్రేడ్ ఎక్కువొస్తే అది తీసుకుంటారు, ఇంకొంతమంది సీనియర్లు ఏం తీసుకుంటే అది. నేను చెప్పేది, ఏ సబ్జెక్ట్ పని బోర్ కొట్టినా చేయగలరో అది మేజర్. ప్రతి సైన్స్‌లోనూ బోర్ కొట్టే పని ఉంటుంది: బయాలజీలో గంటల తరబడి పిపెట్, కెమిస్ట్రీలో పదార్థాలు వేరుచేసే కాలమ్ ముందు నిలబడటం, ఫిజిక్స్‌లో పరికరం అలైన్ చేయడం, మ్యాథ్స్‌లో మూడు రోజులు ఒకే లెమ్మా (పెద్ద రుజువులో చిన్న మెట్టు) చూస్తూ కూర్చోవడం.

రెండోది, బయాలజీ ఇష్టం, మ్యాథ్స్ కూడా వచ్చు అనేవాళ్లు మేజర్ మ్యాథ్స్ గానీ ఫిజిక్స్ గానీ తీసుకుని బయాలజీ కోర్సులు పక్కన చేసుకోవడం తేలిక. ఫిజిక్స్ నుంచి బయాలజీకి వెళ్లినవాళ్లు కనబడినంతగా అటు నుంచి ఇటు వచ్చినవాళ్లు కనబడరు. వెంకీ రామకృష్ణన్ బరోడాలో ఫిజిక్స్ బీఎస్సీ, ఒహాయోలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత మళ్లీ శాన్ డియాగోలో స్టూడెంట్‌గా బయాలజీ చదివారు, 2009లో వచ్చిన నోబెల్ కెమిస్ట్రీలో. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వైద్యం చదివి కెమిస్ట్రీ వైపు వెళ్లారు, 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, బయోకెమిస్ట్రీ చదివేవాళ్లు ఫిస్కే-సుబ్బారావు పేరు ఇప్పటికీ వింటారు. వాళ్లు ఒక చదువు పూర్తయ్యాక దాటిన గోడని మీరు పద్దెనిమిదేళ్లకే దాటుతున్నారు, కాకపోతే వాళ్లు ముందు ఒక సబ్జెక్ట్ గట్టిగా నేర్చుకున్న తర్వాతే దాటారన్నది మర్చిపోవద్దు. మూడో ఏడాదిలో కూడా అన్నీ కొంచెం కొంచెం తీసుకుంటూ పోతే ఏదీ పట్టుబడదు.

9. థీసిస్, ఆ తర్వాత కాగితాలు

రెండు సబ్జెక్టుల మధ్య థీసిస్ చేస్తే ఇద్దరు గైడ్లు ఉండటం మంచిది, కానీ ఇద్దరినీ కలిపి నెలకోసారైనా ఒకే గదిలో కూర్చోబెట్టండి, లేకపోతే ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేస్తారు, మధ్యలో మీరు నలుగుతారు.

ఇక ఉద్యోగాల దగ్గర ఒక చిక్కు, దీని గురించి ముందే తెలిస్తే మంచిది. సీఎస్ఐఆర్ నెట్‌లో సైన్సులకి ఐదు పేపర్లే: కెమికల్, ఎర్త్, లైఫ్, మ్యాథమెటికల్, ఫిజికల్. అన్నీ చదివానంటే కుదరదు, ఒకటి ఎంచుకోవాలి, దానికి సరిపడా కోర్సులు నాలుగో ఏడాదికల్లా అయిపోవాలి. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లలో "సంబంధిత సబ్జెక్ట్‌లో పీజీ" అని ఉంటుంది, వెరిఫికేషన్‌లో కూర్చున్నాయన బీఎస్-ఎంఎస్ అనే మాట మొదటిసారి వింటూ ఉండొచ్చు. కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్‌లో మేజర్ పేరు స్పష్టంగా ఉందా, ఆ సబ్జెక్ట్ క్రెడిట్లు ఎన్ని అని కాలేజీ వదిలే ముందే చూసుకోండి, లేకపోతే అకడమిక్ ఆఫీసులో లెటర్ అడిగి తీసుకోండి. ప్రతి సెమిస్టర్ ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ ఒక ఫోల్డర్‌లో దాచుకోండి, వెబ్‌సైట్‌లో పాత సిలబస్ మార్చేస్తారు, నాలుగేళ్ల తర్వాత జర్మనీలోనో అమెరికాలోనో యూనివర్సిటీ వాళ్లు "నువ్వు చదివిన లినియర్ ఆల్జీబ్రాలో ఏమేం ఉన్నాయి" అని అడిగినప్పుడు అదే చూపించాల్సి వస్తుంది.